మునిగినా తేలే పేరు

బారసాలకి ఇంకా పదకొండు రోజులుందనగా మా అమ్మ విశాఖపట్నం నుంచి ఫోను చేసింది.

"పేరు సంగతి ఏటి చేశార్రా?"

"చూస్తున్నామమ్మా."

"చూడ్డానికేటుంది? మీ నాన్న పేరుంది కదా!"

నేను మాట్లాడలేదు. అవతల అమ్మ కూడా కాసేపు ఊరుకుని, "సరే, ఆలోచించుకోండి" అని పెట్టేసింది. ఆ 'సరే'లో ఎంత బరువుందో నాకు తెలుసు.

మా ఆవిడ పురిటికి రాజమండ్రి వెళ్ళింది. రాత్రి ఫోనులో ఈ సంగతి చెబితే, "మీ నాన్నగారి పేరు పెడితే నాకేం అభ్యంతరం? అడ్డం పడుతున్నది మీరే కదా" అంది.

నిజమే. అడ్డం పడుతున్నది నేనే.

మా నాన్నది సింహాద్రి అప్పన్న పేరు. విశాఖలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా మల్కాపురంలో ఏ వీధి మొదట్లో నిలబడి ఆ పేరుతో కేకేసినా నలుగురైదుగురు వెనక్కి తిరిగి చూస్తారు. ఏడో తరగతిలో మాస్టారు హాజరు పుస్తకంలో తండ్రుల పేర్లు రాసుకుంటూ, నా దగ్గరికొచ్చేసరికి "ఇదిగో, ఇంకో అప్పన్న" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ తర్వాత ఎక్కడ ఏ ఫారం నింపుతున్నా 'తండ్రి పేరు' అన్న గడి దగ్గర నా కలం ఒక్క క్షణం ఆగేది. హైదరాబాదు వచ్చి డిప్లొమా చదివి, ఈ పత్రికలో చేరి, నాలుగు అక్షరాలు రాసుకుంటున్న ఇన్నేళ్ళ తర్వాత కూడా!

అదొక్కటే కాదు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ పేరుతో ఒక పసివాణ్ణి "పాలు తాగవేంరా" అని కసరగలనా? "చదువుతావా లేదా" అని చెవి మెలేయగలనా?

ఇదంతా మనసులో నలుగుతున్నప్పుడే ఆఫీసులో పిల్లల పేజీకి ఒక చిన్న ఐటమ్ రాయాల్సి వచ్చింది. సముద్రం కింద తిరిగే 'నాటిలస్' గురించి. జూల్స్ వెర్న్ నవలలో కెప్టెన్ నెమో నడిపే జలాంతర్గామి అది. ఆ పేరుతో నిజం ఓడలు కూడా ఉన్నాయట, అవేవో చూసి నాలుగు ముక్కలు రాయమన్నారు. రాయడానికి కూర్చుంటే ముందుగా గుర్తొచ్చింది ఓడ కాదు, మా ఇంటి మడతమంచం.

కళ్ళ మీద బంగాళదుంప చక్రాలు

మా నాన్న డాక్‌యార్డులో వెల్డర్. అద్దం అడ్డం పెట్టుకున్నా ఒక్కోరోజు వెలుగు కళ్ళలో కొట్టేది. ఆ సాయంత్రం కళ్ళు మిరపకాయ పూసినట్టు మండేవి. అమ్మ పచ్చి బంగాళదుంప చక్రాల్లా కోసి రెండు కళ్ళ మీదా పెట్టేది. ఆయన మడతమంచం మీద వెల్లకిలా పడుకుని, "ఒరే, ఏదైనా చదువు" అనేవాడు. పేపరయితే పేపరు. వారపత్రికయితే వారపత్రిక.

2000 సంవత్సరం అనుకుంటాను, నాకప్పుడు పదకొండేళ్ళు. బళ్ళో వ్యాసరచన పోటీలో ఒక పుస్తకం బహుమతిగా వచ్చింది. వెర్న్ నవలని పిల్లల కోసం కుదించి తెలుగులో వేసినది. దాన్ని నాన్నకి ఐదారు సాయంత్రాలు చదివి వినిపించాను.

ఓడలూ సముద్రమూ కాబట్టి ఆయన ఆసక్తిగా విన్నాడు. మధ్యలో ప్రశ్నలు వేసేవాడు. "లోపలికి గాలెక్కణ్ణించొస్తాది?" "పలక మందం ఎంతట?" నాకేం తెలుసు! అలా చదువుతుంటే సింహళం దగ్గర ముత్యాలు తీసే ఘట్టం వచ్చింది. ముత్యపుచిప్పల కోసం సముద్రంలోకి దిగిన ఒక బీద భారతీయుడి మీదకి సొరచేప వస్తుంది. కెప్టెన్ నెమో కత్తి పట్టుకుని దానికి ఎదురెళతాడు. ఆ మనిషిని బతికించి పైకి తెచ్చి, తన దగ్గరున్న ముత్యాల సంచీ అతని చేతిలో పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతాడు. మనుషులన్నా దేశాలన్నా కసి పెంచుకున్నవాడు ఇలా ఎందుకు చేశాడని పక్కనున్న ప్రొఫెసర్ ఆశ్చర్యపోతాడు.

నాన్న కళ్ళ మీద చక్రాలు తీసేసి లేచి కూర్చున్నాడు.

"ఆడు మనోడేరా" అన్నాడు.

"ఎవరు నాన్నా?"

"ఆ కెప్టెన్. మనోడు కాపోతే అంత సంచీ ఎందుకిచ్చేత్తాడు?"

నేను పగలబడి నవ్వాను. "నెమో అని పేరుంటే మనోడేంటి నాన్నా? ఫ్రెంచి పుస్తకం ఇది!"

"నీకు తెల్దులే" అని మళ్ళీ పడుకున్నాడు.

పుస్తకం అయిపోయేదాకా నెమోది ఏ దేశమో రాయలేదు. ఆ విషయం ఆయనకి చూపించి మరీ నెగ్గాననుకున్నాను.

ఎవడైతేనేటి?

"నాన్నా, ఇప్పుడు ఏ ఓడ మీద పనిచేస్తున్నావు?" అనడిగితే మా నాన్న జవాబు ఎప్పుడూ ఒక్కటే. "ఓడ మీద." అంతకు మించి ఇంట్లో ఒక్క మాట చెప్పేవాడు కాదు. చెప్పకూడదని నియమం. ఆయన దాన్ని పిల్లల దగ్గర కూడా పాటించాడు.

2002 ఆగస్టులో ఆర్.కె. బీచిలో 'ఐ.ఎన్.ఎస్. కుర్సురా'ని మ్యూజియంగా తెరిచారు. 1969లో సోవియట్ యూనియన్‌లో తయారై మన నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన జలాంతర్గామి అది. 91 మీటర్ల పొడవు. దాన్ని సముద్రంలోంచి ఇసుక మీదకి లాగి నిలబెట్టడం ఊరంతా కథలు కథలుగా చెప్పుకున్నారు. ఒక ఆదివారం నాన్న నన్ను తీసుకెళ్ళాడు. జీవితంలో ఆయన టిక్కెట్టు కొనుక్కుని ఎక్కిన మొదటి ఓడ బహుశా అదే.

లోపల గుండ్రటి కన్నాల్లోంచి వంగి వంగి వెళ్ళాలి. నేను టార్పెడో గొట్టాలూ, అరల్లాంటి పడకలూ చూస్తున్నాను. నాన్న మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. జనం ఎక్కిదిగడానికి పక్కన కోసి పెట్టిన దారి అది. అక్కడి అతుకు మీద వేలు పెట్టి మెల్లగా ఈ చివర్నించి ఆ చివరికి రాశాడు.

"బాగా ఏశాడు" అన్నాడు.

"నువ్వా నాన్నా వేసింది?"

"ఎవడైతేనేటి?"

అప్పుడది విసుగనుకున్నాను.

ఒకే పేరు, ఎన్ని ఓడలో!

పిల్లల పేజీ ఐటమ్ కోసం వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, నాటిలస్ అనే పేరు వెర్న్ సొంతం కాదని. గ్రీకులో దానికి నావికుడని అర్థం. ఆ పేరుతో ఒక సముద్రజీవి ఉంది. చుట్ట చుట్టుకున్న గుల్లలో, గదుల్లాంటి అరలు కట్టుకుని బతుకుతుంది. ఆ అరల్లోని ద్రవాన్ని తగ్గించుకుంటూ పెంచుకుంటూ నీళ్ళలో తేలుతుంది. జలాంతర్గామి ట్యాంకుల్లోకి నీళ్ళు నింపితే మునగడం, తోడేస్తే తేలడం... సూత్రం రెండింటిదీ ఒకలాంటిదే. ఆ పేరు ఊరికే రాలేదు!

అమెరికా ఇంజనీరు రాబర్ట్ ఫుల్టన్ 1800లో ఫ్రాన్సులో ఒక జలాంతర్గామి తయారుచేసి దానికి నాటిలస్ అని పెట్టాడు. ఆరున్నర మీటర్ల పొడవుండే చిన్న పడవ. లోపలున్నవాళ్ళు చేత్తో తిప్పితే మర తిరిగేది. నీటి పైకొచ్చినప్పుడు తెరచాప ఎత్తుకునేది. చక్కగా మునిగి తేలింది కూడా. కానీ ఫ్రెంచి నౌకాదళం మాకొద్దంది. ఫుల్టన్ దాన్ని విప్పేసి ఇంకో పనిలో పడ్డాడు.

తెరచాప ఓడల కాలంలోనూ ఆ పేరుంది. అమెరికా నౌకాదళంలో 1803లో చేరిన నాటిలస్ ట్రిపోలీ సముద్రపు దొంగల మీద యుద్ధానికి వెళ్ళింది. 1812లో బ్రిటన్‌తో యుద్ధం మొదలైన నెలలోపే బ్రిటిష్‌వాళ్ళకు చిక్కింది. ఆ యుద్ధంలో అమెరికా పోగొట్టుకున్న మొదటి యుద్ధనౌక అదే.

అదే యుద్ధం చివర్లో ఇంకో నాటిలస్ కనబడి నేను కుర్చీలో ముందుకు జరిగాను. అది మన బొంబాయిది! ఈస్టిండియా కంపెనీ నడిపిన బొంబాయి మెరైన్‌లోని ఓడ. ఇప్పటి భారత నౌకాదళానికి ముత్తాత వరసన్నమాట. 1815 జూన్ 30న జావా, సుమత్రాల మధ్య సుందా జలసంధిలో దానికి పీకాక్ అనే అమెరికా యుద్ధనౌక ఎదురైంది. సంధి అయిపోయిందయ్యా, యుద్ధం లేదు అని నాటిలస్ కెప్టెన్ చెప్పాడు. నమ్మని పీకాక్ కెప్టెన్ జెండా దించమన్నాడు. ఈయన దించనన్నాడు. ఫిరంగులు పేలాయి. కొందరు చచ్చిపోయారు, కెప్టెన్ తీవ్రంగా గాయపడ్డాడు. యుద్ధం నిజంగానే ఎప్పుడో ముగిసిందని తర్వాత తేలింది. పట్టుకున్న ఓడని వదిలేశారు. పోయిన ప్రాణాలు మాత్రం పోయాయి.

ఇవన్నీ వెర్న్ కన్నా ముందు సంగతులు. ఆయన నవల 1869, 70 సంవత్సరాల్లో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 70 మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, కరెంటుతో నడిచే ఓడ. లోపల పన్నెండు వేల పుస్తకాల లైబ్రరీ. ప్రపంచం ఇంకా నీళ్ళలో గుడ్డిగా తడుముకుంటున్న రోజుల్లో ఇదంతా రాశాడాయన. ఫుల్టన్‌ది ఎవరూ కొనని పడవ. వెర్న్ ఓడని ప్రపంచమంతా కొనుక్కుంది, పుస్తకం రూపంలో!

ఆ తర్వాత ఓడల పేర్ల కథ మారిపోయింది. నాటిలస్ అనగానే గవ్వ బదులు నెమో గుర్తొచ్చే రోజులొచ్చాయి. పేరు ఓడలోంచి పుస్తకంలోకి వెళ్ళింది. పుస్తకంలోంచి మళ్ళీ ఓడ మీదకెక్కింది.

వదిలేసిన చోటు నుంచి...

1931లో ఆస్ట్రేలియా అన్వేషకుడు హ్యూబర్ట్ విల్కిన్స్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఉత్తర ధ్రువానికి మంచు కింద నుంచి వెళితే? అమెరికా నౌకాదళం వాడి పక్కన పెట్టిన ఒక పాత జలాంతర్గామిని ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు తీసుకున్నాడు. దానికి నాటిలస్ అని పేరు పెట్టాడు. నామకరణానికి జూల్స్ వెర్న్ మనవడే స్వయంగా వచ్చాడు. అప్పుడు అమెరికాలో మద్యనిషేధం. షాంపేన్ సీసా పగలగొట్టే వీల్లేక ఓడ మీద బకెట్టుడు మంచుముక్కలు గుమ్మరించారు.

పాపం, దాని జాతకం బాగాలేదు. అట్లాంటిక్ మధ్యలో ఇంజన్లు మొరాయిస్తే ఇంకో ఓడ తాడు కట్టి లాక్కెళ్ళింది. మంచు దాకా చేరేసరికి, మునగడానికి ఆధారమైన చుక్కానులు ఊడిపోయి ఉన్నాయి. అయినా విల్కిన్స్ వెనక్కి తిరగలేదు. కొద్దిసేపయినా మంచు కిందకి దూరి, చెయ్యొచ్చని చూపించి తిరిగొచ్చాడు. ఆ ఏడాది నవంబరులో నార్వే తీరంలో దాన్ని ముంచేశారు. అందరూ నవ్వారు.

అదే 1931లో అమెరికా నౌకాదళం తన పెద్ద జలాంతర్గామి ఒకదానికి నాటిలస్ అని పేరు మార్చింది. 1942 జూన్ 4న మిడ్‌వే యుద్ధంలో అది జపాన్ నౌకల మధ్యకి చొరబడింది. అది వేసిన టార్పెడోలు శత్రువును పెద్దగా దెబ్బతీయలేదు. కానీ దాన్ని వేటాడటానికి అరాషి అనే జపాన్ డిస్ట్రాయర్ వెనకబడిపోయింది. ఆ తర్వాత తనవాళ్ళని కలుసుకోవాలని పరుగెత్తింది. నీళ్ళ మీద దాని జాడ చూసి అమెరికా విమానాలు వెంట వెళ్ళాయి. జపాన్ విమానవాహక నౌకలు దొరికిపోయాయి! ఒక్కోసారి చేసిన పని తప్పినా, ఉన్న చోట ఉండటమే పెద్ద పని అవుతుందేమో.

యుద్ధం అయ్యాక 1945లో దాన్ని తుక్కుకి అమ్మారు. పేరు ఖాళీ అయింది. ఖాళీ అయిన ఆ పేరు 1954 జనవరి 21న ప్రపంచంలోనే మొదటి అణు జలాంతర్గామికి వచ్చింది. ఊపిరి కోసం మాటిమాటికీ పైకి తేలనక్కర్లేని ఓడ. వెర్న్ ఊహించిన నాటిలస్‌కి నిజమైన వారసురాలు ఇదే. నవల పేరులోని 'ఇరవై వేల లీగులు' లోతు అనుకుంటాం కానీ అది ప్రయాణించిన దూరం. ఈ లెక్కలో లీగు అంటే మూడు నాటికల్ మైళ్ళు. 1957 ఫిబ్రవరిలో ఈ నాటిలస్ అరవై వేల మైళ్ళు పూర్తి చేసింది. అంటే సరిగ్గా కథలో ఓడ తిరిగినంత!

1958 ఆగస్టు 3న 116 మందితో మంచు కింద నుంచి ఉత్తర ధ్రువాన్ని దాటింది. 27 ఏళ్ళ క్రితం విల్కిన్స్ ఎక్కడ ఆగాడో ఆ పని అక్కడి నుంచి అదే పేరుగల ఓడ పూర్తి చేసింది. ఆ వార్త వినేందుకు విల్కిన్స్ బతికే ఉన్నాడు. అదే ఏడాది చివర్లో పోయాడు. మరుసటి మార్చిలో స్కేట్ అనే ఇంకో జలాంతర్గామి ధ్రువం దగ్గర మంచు పగలగొట్టుకుని పైకి లేచి, ఆయన చితాభస్మాన్ని అక్కడ చల్లింది.

ఆ రాత్రి ఇది చదివి లేచి మంచినీళ్ళు తాగాను. పేరు పెట్టడమంటే పోయినవాళ్ళ గుర్తుకే అనుకుంటాం. వాళ్ళు సగంలో ఆపినదాన్ని ఎవరో ఒకరు ఎత్తుకోవాలనే ఆశ కూడా అందులో ఉంటుందన్నమాట.

మన దగ్గరా అంతే కదా. 1961లో నౌకాదళంలో చేరి 1997లో విరమించిన విక్రాంత్ పేరే, 2022 సెప్టెంబరు 2న కొత్త విమానవాహక నౌకకి పెట్టారు. ఆరోజు నాన్న టీవీ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పేరే కాదురా, నంబరూ అదే" అని ఫోనులో నాకు చెప్పాడు. ఆర్-11. పాత ఓడ తుక్కు అయిపోయి అప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. ఆయన గొంతులో మాత్రం ఎవరో పాత స్నేహితుడు ఊళ్ళోకి తిరిగొచ్చినంత సంబరం. నేనప్పుడు ఏదో పనిలో ఉన్నాను. "అవునా, మళ్ళీ చేస్తాను నాన్నా" అని పెట్టేశాను. ఆ డిసెంబరులో ఆయన పోయాడు.

ఎవరూ కాని వాడు

ఐటమ్ దాదాపు అయిపోయింది. చివర్లో నెమో గురించి రెండు వాక్యాలు రాస్తే చాలు. నెమో అంటే లాటిన్‌లో 'ఎవరూ కాదు' అని అర్థం. అది అసలు పేరు కాదని చిన్నప్పటి నుంచీ తెలుసు. అసలెవరో తర్వాతి నవలలో ఉందని ఎక్కడో చూసి, 1875 నాటి 'మిస్టీరియస్ ఐలండ్' తెరిచాను. అర్ధరాత్రి దాటింది.

చివరి అధ్యాయాల్లో ముసలివాడైన నెమో చావుబతుకుల్లో పడి ఉంటాడు. తన కథ తనే చెబుతాడు. ఆయన పేరు ప్రిన్స్ డక్కర్. బుందేల్‌ఖండ్ రాజు కొడుకు. టిప్పు సుల్తాన్‌కి మేనల్లుడు వరసని కూడా రాశాడు వెర్న్. పదేళ్ళ వయసులో యూరప్ వెళ్ళి చదువులన్నీ చదివి, తిరిగొచ్చి 1857 తిరుగుబాటులో బ్రిటిష్‌వాళ్ళ మీద కత్తి పట్టాడు. ఓడిపోయాడు. భార్యా పిల్లలూ బలైపోయారు. మిగిలిన కొద్దిమందితో ఒక నిర్జన ద్వీపానికి వెళ్ళి ఓడ కట్టుకుని, పేరు వదిలేసి, సముద్రంలోకి దిగిపోయాడు.

కెప్టెన్ నెమో మనోడు!

నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఫ్యాను తిరుగుతోంది. పాతికేళ్ళ క్రితం మడతమంచం మీద నుంచి ఒక వెల్డర్ లేచి కూర్చుని చెప్పిన మాట, ఫ్రెంచి రచయిత అచ్చువేసిన మాట ఒక్కటే. ఆయన ఏ పుస్తకం చదవలేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ముత్యాల సంచీ ఇచ్చిన తీరు విన్నాడు, అంతే. పోల్చుకున్నాడు. చదువుకున్న నేను పేరు చూసి నవ్వాను.

ఫోను తీసి ఎవరికి చెప్పాలి ఈ సంగతి? చెప్పాల్సిన మనిషి లేడు.

నిజానికి వెర్న్ మొదట నెమోని పోలండువాడిగా అనుకున్నాడట. రష్యన్ల చేతిలో కుటుంబాన్ని పోగొట్టుకున్న దొర. రష్యాలో పుస్తకం అమ్ముడుపోదని ప్రచురణకర్త ఒప్పుకోలేదు. అందుకే మొదటి నవలలో ఏ దేశమో చెప్పకుండా వదిలేశాడు. ఆరేళ్ళ తర్వాత మనవాణ్ణి చేశాడు. ఇందులో ఇంకో చిత్రం ఉంది. అమెరికా అణు జలాంతర్గామిని పట్టుబట్టి కట్టించిన హైమన్ రికోవర్, రష్యా ఏలుబడిలోని పోలండులో పుట్టి చిన్నప్పుడే అమెరికా వలస వెళ్ళిన యూదు కుటుంబం బిడ్డ. వెర్న్ వదులుకున్న మొదటి ఊహ ఇలా వేరే దారిలో వచ్చి ఓడెక్కింది!

పేరుకి ఎంత దొడ్డ మనసో అంత అమాయకత్వం కూడా ఉంది. నెమో జీవితమంతా సామ్రాజ్యాల మీద కసితో బతికాడు. ఆయన ఓడ పేరునే 1914లో బ్రిటిష్ నౌకాదళం తన జలాంతర్గామికి పెట్టుకుంది. అప్పటిదాకా వాళ్ళ జలాంతర్గాములకు అక్షరాలూ అంకెలే ఉండేవి. ఆ తర్వాత ఏమనుకున్నారో ఆ పేరు కూడా తీసేసి ఎన్-1 అన్నారు. అది ఒక్క యుద్ధానికీ వెళ్ళకుండానే తుక్కులోకి పోయింది. నెమో విని ఉంటే నవ్వుకునేవాడు. పేరు పెట్టినంత మాత్రాన మనిషి రాడు. మోసేవాణ్ణి బట్టే పేరుకి బతుకు.

ఆ తెల్లవారుజామున నాకు కుర్సురా గుమ్మం దగ్గర అతుకు మీద రాసిన వేలు గుర్తొచ్చింది. "ఎవడైతేనేటి?" అది విసుగు కాదు. ఓడ మీద కెప్టెన్ల పేర్లు బోర్డు కట్టి రాస్తారు. అతుకు వేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. అది తెలిసే, బాధపడకుండా, పని బాగుందా లేదా అనే చూశాడు మా నాన్న. ముప్పై తొమ్మిదేళ్ళు ఎవరూ కాకుండా పనిచేసిన మనిషికి ఉన్నదల్లా ఆ ఒక్క పేరు. దాన్ని కూడా నలుగురిలో చెప్పడానికి నేను జంకాను.

చెవిలో మూడుసార్లు

పొద్దున్నే అమ్మకి ఫోను చేశాను. "నాన్న పేరే పెడుతున్నాం" అన్నాను. అవతల చప్పుడు లేదు. కాసేపటికి, "మరి నేనెలా పిలవాల్రా?" అంది.

నిజమే కదా! అమ్మ తన జన్మలో ఆయన పేరు నోటితో పలకలేదు. రేషన్ కార్డు గుమాస్తా అడిగినా, ఆసుపత్రి కౌంటర్లో అడిగినా, పక్కనున్న నన్ను మోచేత్తో పొడిచి "చెప్పరా" అనేది. తాతల పేర్లు మోసే పిల్లల్ని మన ఇళ్ళలో బాబూ, చంటీ, పెద్దోడా అని పిలవడం ఇందుకే. బళ్ళో వేసేదాకా అసలు పేరు పిల్లాడికే తెలీదు.

"నీ ఇష్టం, ఏదో ఒకటి పిలు" అన్నాను.

బారసాల రాజమండ్రిలో. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో నేను పేరు రాశాను. నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. పిల్లాడి చెవిలో పేరు చెప్పమని పురోహితుడు అన్నారు. అందరూ మా అమ్మ వైపు చూశారు. ఆవిడ వెనక్కి జరిగి, గోడకి ఆనుకుని నిలబడింది.

"శుభమా అని చేసుకుంటుంటే నేనెందుకు? మీరు చెప్పండి" అంది మా అత్తగారితో.

మా అత్తగారు పిల్లాణ్ణి తీసుకెళ్ళి అమ్మ ఒళ్ళో పెట్టేసింది. "ఆయన పేరు మీరు కాక ఇంకెవరు చెబుతారు వదినగారూ?"

అమ్మ నా వైపు చూసింది. మోచేత్తో పొడవడానికి నేను పక్కన లేను. పళ్ళెం అవతల కూర్చుని ఉన్నాను.

వంగింది. చెంగు అడ్డం పెట్టుకుంది. వాడి చెవి దగ్గర పెదాలు మూడుసార్లు కదిలాయి. నాకేం వినపడలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పేరు అమ్మ నోట ఎలా పలికిందో వాడొక్కడికే తెలుసు.

వాడు మాత్రం నిద్రలో చిన్నగా మూలిగి, ఇటు తిరిగి పడుకున్నాడు.